జానయ్య తరఫు దేహం

మనిషి దేశం దాటి పోతే అతని జబ్బు ఎక్కడ ఉంటుంది? ఈ అనుమానం మీకెన్నడూ రాలేదంటే మీరు నిర్విఘ్న ఆరోగ్య బీమా కంపెనీ నల్లగొండ బ్రాంచి మెట్లు ఎక్కలేదన్నమాట. నేను ఎక్కాను. బోరుబండి కార్మికుల సంఘం కార్యదర్శిగా ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. అక్కడ నేర్చుకున్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క నా సొంతం కాదు. అంత తెలివి నాకు లేదు.

జానయ్య మా సంఘం మనిషి. డ్రిల్లరు. ఇరవై రెండేళ్లు బోరుబండి మీద ఇనుప రాడ్లు ఎత్తి ఎత్తి, పొత్తికడుపు కుడిపక్కన నిమ్మకాయంత ఉబ్బు తెచ్చుకున్నాడు. హెర్నియా. నడుముకు బెల్టు కట్టుకుని పనిచేస్తాడు. నిర్విఘ్న కంపెనీలో పాలసీ తీసుకునేటప్పుడు ఆ ఉబ్బు సంగతి దాచకుండా చెప్పాడు. కంపెనీ కూడా దాచకుండా చెప్పింది. ముందే ఉన్న జబ్బుకు మూడేళ్లు ఆగాలి. ఆ మూడేళ్లూ పాలసీ ఎక్కడా తెగకుండా నడవాలి. నడిస్తే ఆపరేషన్ ఖర్చు మాది. తెగితే మళ్లీ మొదటి రోజు నుంచి మొదలు.

జానయ్య రెండేళ్లు ఆగాడు. ఇంకొక్క ఏడాది ఉందనగా అతని బండి ఓనరు జాంబియా దేశంలో బోర్లు వేసే కాంట్రాక్టు పట్టాడు. పద్నాలుగు నెలల పని. బండి ఓడ మీద పోతుంది, డ్రిల్లరు విమానం మీద పోతాడు.

ఇక్కడే జానయ్య ఒక తప్పు చేశాడు. పాలసీ అమ్మిన ఏజెంటు అతనికి మంచిమాటే చెప్పాడు: "కట్టేది టైముకు కట్టు, నోరు మూసుకుని విమానమెక్కు, వచ్చినంక చూసుకుందాం." ఎవరైనా అదే చేస్తారు. కానీ బోరుబండి మీద ఒక కట్టుబాటుంది. లివరు మీద చెయ్యి పెట్టిన డ్రిల్లరు, ఇంకొకడి చెయ్యి వచ్చి దానిమీద పడేదాకా తన చెయ్యి తియ్యడు. ఒంటికి పోవాలన్నా సరే, అమ్మ చచ్చిందని ఫోనొచ్చినా సరే. నేలలో మూడొందల అడుగుల లోతున రాడ్డు తిరుగుతుంటే పైన ఒక చెయ్యి ఉండి తీరాలి. ఇరవై రెండేళ్లు అలా బతికినవాడికి పాలసీ కూడా నడుస్తున్న బండిలాగే కనపడింది. చెప్పకుండా చెయ్యి తీసి పోవడం అతనికి చేతకాలేదు.

"సెక్రటరన్నా, ఆఫీసుకు పోయి ఒక మాట చెప్పి వద్దాం, నువ్వు కూడ రా" అన్నాడు. భార్య సైదమ్మను కూడా వెంటబెట్టుకుని పోయాం.

బ్రాంచిలో నిరంతరతా విభాగం అని ఒక గది ఉంది. ఆ గదికి అధికారి సుదర్శనం గారు. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు, మాట మెత్తన. ఆయన కోపంగా మాట్లాడగా నేను ఎప్పుడూ చూడలేదు. అదే నాకు మంట.

జానయ్య నిలబడే అడిగాడు. "సార్, నేను పద్నాలుగు నెలలు దేశంల ఉండ. నేను లేనప్పుడు ఈ పాలసీ మీద ఎవరి చెయ్యి పెట్టాలె?"

సుదర్శనం గారు పెన్ను కింద పెట్టారు. ఈ ప్రశ్న కోసమే ఆయన ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లూ ఎదురుచూసినట్టు కనిపించింది.

"కూర్చోండి జానయ్య గారూ. సదరు పాలసీ దేని మీద నడుస్తోంది?"

"నా మీదనే సార్."

"మీరు అనగా?"

జానయ్య నా వైపు చూశాడు. నేను సైదమ్మ వైపు చూశాను.

"మీ పేరు మీద కాదు. మీ సంతకం మీద కాదు. మీ దేహం మీద" అన్నారు ఆయన. "దేహం దేశంలో లేనప్పుడు పాలసీ దేని మీద నడవాలి? గాలి మీదనా?"

"పైసలైతే ఒక్కరోజు తప్పకుండ కడుత సార్."

"కట్టండి. సంతోషం. కానీ చెల్లింపు నిరంతరత వేరు, దైహిక నిరంతరత వేరు. మూడేళ్ల నిరీక్షణ కాలం అన్నాం. నిరీక్షించవలసింది ఎవరు? జబ్బు. ఎక్కడ నిరీక్షించాలి? మా పరిధిలో. మీరు జబ్బును వెంటబెట్టుకుని జాంబియా వెళితే అది అక్కడ నిరీక్షిస్తుంది. అక్కడి నిరీక్షణకు ఇక్కడ గుర్తింపు లేదు."

నాకు ఒళ్లు మండింది. "అట్లయితే జబ్బును ఇక్కడ ఇడిసిపెట్టి, మనిషి ఒక్కడు పోవాల్నా?" అన్నాను. ఎత్తిపొడుపుగానే అన్నాను.

"అందుకు వీలు ఉంది" అన్నారు సుదర్శనం గారు. సొరుగు తీసి ఒక సర్క్యులర్ బయట పెట్టారు.

ఆ సర్క్యులర్ చదవడానికి నాకు అరగంట పట్టింది. సారాంశం ఇది. పాలసీదారు తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లేటప్పుడు, తనకు బదులుగా ఒక 'స్థానిక నిరంతరతా దేహం' నియమించాలి. రక్త బంధువో, పెళ్లి సంబంధం వల్ల బంధువో కావాలి. పొడుగులో నాలుగు వేళ్లకు మించి తేడా ఉండరాదు. పాలసీదారు జబ్బును ఆ దేహానికి అప్పగించి వెళ్లాలి. సదరు దేహం ప్రతినెలా మొదటి సోమవారం ఆఫీసులో హాజరై, తూకం వేయించుకుని, జబ్బు తనలో క్షేమంగా నిరీక్షిస్తున్నట్టు సంతకం పెట్టాలి.

"ఇది ఎవరు రాసిన్రు?" అన్నాను.

"ముఖ్య కార్యాలయంలో నిపుణుల సంఘం. ఏడుగురు. పదకొండు సమావేశాలు."

సైదమ్మ ముందుకు జరిగింది. ఆమె నల్లగొండ మార్కెట్లో నిమ్మకాయల బేరం చేసే మనిషి. ఏ మాట ఎక్కడ ఆపాలో తెలుసు. "మా తమ్ముడున్నడు" అంది. "ఈయనంతే పొడుగు. వాని మీద పెట్టండి. పాలసీ అయితే తెగొద్దు."

ఆ తమ్ముడు బుచ్చిరాములు. పెళ్లిళ్ల బ్యాండులో పెద్ద డ్రమ్ము కొడతాడు. పొట్ట మీద డ్రమ్ము పెట్టుకుని, మెడకు పట్టీ తగిలించుకుని, ఊరేగింపు ఎంత దూరం పోతే అంత దూరం నడిచే మనిషి. ఎన్నడూ తలనొప్పి కూడా ఎరగడు.

అప్పగింత రోజు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. జానయ్య నడుముకున్న హెర్నియా బెల్టు విప్పించి బుచ్చిరాములు నడుముకు కట్టించారు. ఇద్దరితో వేలిముద్రలు వేయించారు. సుదర్శనం గారు లేచి నిలబడి, "ఈ క్షణం నుంచి జబ్బు ఇటువైపు ఉంది" అని పెన్నుతో చూపించారు.

"బావా, ఇది గుంజుతున్నది" అన్నాడు బుచ్చిరాములు.

"వారం దినాలు గుంజుతది, తర్వాత అలవాటైతది" అన్నాడు జానయ్య.

"ఈ గడప లోపల మీరు జానయ్య" అన్నారు సుదర్శనం గారు.

"గడప అవతల సార్?"

"మీ ఇష్టం. కానీ బరువులు ఎత్తరాదు. గట్టిగా దగ్గకూడదు. మీ బావ గారి జబ్బు మీ దగ్గర అమానతు, భద్రంగా దాచి తిరిగి ఇవ్వవలసిన సొత్తు."

జానయ్య మెడికల్ షాపులో కొత్త బెల్టు కొనుక్కుని విమానం ఎక్కాడు. కంపెనీ లెక్కలో అతనికిప్పుడు జబ్బు లేదు. బెల్టు కింద నిమ్మకాయ మాత్రం ఉంది.

మొదటి సోమవారం నేను బుచ్చిరాములుకు తోడుగా పోయాను.

"ఎలా ఉంది జానయ్య గారూ మీ హెర్నియా?"

"మంచిగనే ఉన్నది సార్. బావ ఫోన్ల చెప్పిండు, జర పెద్దగైందంట."

"ఫోను సమాచారం ఆమోదయోగ్యం కాదు. మీకేమనిపిస్తోంది?"

"నాకేమనిపియ్యది సార్?"

"నొప్పి లేదు" అని రాసుకున్నారు ఆయన. అలా ప్రతినెలా రాసుకున్నారు. అక్కడ జాంబియాలో మనిషి రాడ్లు మోసి నొప్పికి వంగిపోతుంటే, ఇక్కడ జానయ్య ఫైలు నెలనెలకు ఆరోగ్యంగా తయారైంది.

నాలుగో నెలలో బుచ్చిరాములుకు మెమో వచ్చింది. సుదర్శనం గారు ఎవరిదో పెళ్లికి పోతే అక్కడ బారాతు ముందు బుచ్చిరాములు డ్రమ్ము మోస్తూ కనపడ్డాడు. 'ఇతరుల జబ్బు పట్ల బాధ్యతారహితంగా, సదరు జబ్బు ఉన్న భాగం మీదనే పద్నాలుగు కిలోల వాద్యమును మోపి, నృత్యసహితముగా నడిచినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజుల్లో తెలుపవలెను.' సంజాయిషీ నేనే రాశాను. ఇకముందు డ్రమ్ము ముట్టనని రాయించుకుని వదిలిపెట్టారు. బ్యాండు మేస్త్రీ అతన్ని తాళాలు వాయించే వరసలోకి మార్చాడు.

"గింత శరీరం పెట్టుకుని తాళాలు కొడుతుంటే పెండ్లిపిల్ల గుడ నవ్వుతున్నదక్కా" అని బుచ్చిరాములు సైదమ్మ ముందు మొత్తుకున్నాడు.

"నవ్వితే నవ్వనియ్యిరా. బావ పేగు సంగతి ఇది. పది నెలలు ఓర్చుకో."

ఆరో నెలలో అతని దవడపన్ను పుచ్చితే పీకించుకున్నాడు. సోమవారం నోరు చూసి ఫైల్లో రాశారు: జానయ్యకు కుడిపక్క దవడపన్ను లేదు. నేను జాంబియాకు ఫోన్ చేసి చెప్పాను. ఎందుకైనా మంచిదని జానయ్య నాలుకతో తడిమి చూసుకున్నాడట.

ఆ మధ్యకాలంలోనే ఈ పద్ధతి ఊరంతా పాకింది. మస్కట్, దుబాయ్, కువైట్ పోయే ప్రతివాడూ ఒక తరఫు మనిషిని పెట్టిపోవడం మొదలైంది. సోమవారం ఆఫీసు ముందు వరస వీధి మలుపు దాకా. బావల షుగర్లు మోసే బామ్మర్దులు, ఆడబిడ్డ థైరాయిడ్ మోసే వదినలు. ఎదురుగా టీ హోటలు నడిపే మల్లేశం రెండు రకాల చాయ్ పెట్టాడు: షుగర్ ఉన్నోళ్లకు ఒకటి, షుగర్ అమానతు ఉన్నోళ్లకు ఒకటి. చిన్నాయన బీపీ మోస్తున్న వెదురు కుర్చీలు అల్లే ఒక మేదరి మరీ నిమ్మళంగా ఉన్నాడని, జబ్బు పట్ల శ్రద్ధ చూపడం లేదని మెమో ఇచ్చారు. పాపం అతను పెళ్లాంతో రోజూ పొద్దున్న పావుగంట కొట్లాడి వచ్చి తూకానికి నిలబడేవాడు. బీపీ నిజంగానే వచ్చింది. 'ప్రగతి సంతృప్తికరం' అని రాశారు.

హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వచ్చి టౌన్‌హాల్లో సభ పెట్టాడు. "మిత్రులారా, నేటి దాకా బీమా మనిషిని చూసింది. మన సంస్థ మనిషిని దాటి చూసింది" అన్నాడు. ఆ మాట నిజం. జిల్లాలో మొదటి తరఫు మనిషి కనుక బుచ్చిరాములుకు శాలువా కప్పి 'ఉత్తమ నిరంతర దేహం' అని రాసి ఉన్న గాజు బిళ్ల చేతికిచ్చారు. వేదిక మీద రెండు మాటలు మాట్లాడమంటే, "బావ తొందరగ వస్తే నా డ్రమ్ము నాకు ఇస్తరు" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

పద్నాలుగు నెలలు నిండాయి. మూడేళ్ల నిరీక్షణ ముగిసి రెండు నెలలు దాటింది. జానయ్య దిగాడు.

విమానాశ్రయం నుంచి ఆటోస్టాండు దాకా నడవలేకపోయాడు. నిమ్మకాయ బత్తాయి అయింది. నల్లగొండలో సర్జన్ డాక్టర్ పరిమళ గారు ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి బెల్టు విప్పి అవతల పారేసింది.

"ఇది లోపలికి పోతలేదు. పేగు ఇందులో ఇరుక్కుంటే రక్తం ఆగుతది, పేగు చచ్చిపోతది. ఈ వారంలోనే కొయ్యాలి. అంతదాకా కదలకుండా పడుకో. వాంతులు మొదలైతే ఒక్క గంట కూడా ఆగొద్దు. అర్థమైందా అమ్మా?"

సైదమ్మకు అర్థమైంది. ఆస్పత్రి కౌంటరులో పాలసీ కార్డు ఇచ్చాం. నిర్విఘ్న నుంచి మంజూరు ముప్పావుగంటలో వచ్చింది. పేరు జానయ్య, జబ్బు హెర్నియా, నిరీక్షణ పూర్తి, పూర్తి ఖర్చు కంపెనీదే. నా జీవితంలో మొదటిసారి ఒక కంపెనీని మనసులోనే మెచ్చుకున్నాను. ఆ తప్పు మళ్లీ చెయ్యను.

కౌంటరు అమ్మాయి మంజూరు కాగితం మీది ఫోటో చూసి, జానయ్యను చూసి, మళ్లీ ఫోటో చూసింది.

"ఈయన కాదు" అంది. వెనక్కి చూసి, గోడకు ఆనుకుని అరటిపండు తింటున్న బుచ్చిరాములును చూపించింది. "ఈయన. అన్నా, నువ్వు పండు తినొద్దు, రేపు నీకు ఆపరేషన్."

బుచ్చిరాములు గొంతులో పండు అడ్డం పడింది.

అరగంటలో సుదర్శనం గారి ముందున్నాం. జానయ్యను ఆస్పత్రి వరండాలో బెంచీ మీద పడుకోబెట్టి వచ్చాం.

"ఆపరేషన్ మంజూరైంది కదా" అన్నారు ఆయన. "దేనికి బాధపడుతున్నారు?"

"మా తమ్మునికి హెర్నియా లేదు సార్" అంది సైదమ్మ.

"అది వైద్య విషయమమ్మా. నాది అర్హత విషయం. మూడేళ్లు ఎక్కడా తెగకుండా దేశంలో నిరీక్షించిన దేహం ఏది? ఇదీ." బుచ్చిరాములును పెన్నుతో చూపించారు. "అర్హత వీరిది. పైగా ఆలోచించండి, హెర్నియా లేనివారికి హెర్నియా ఆపరేషన్‌లో ప్రమాదం కూడా చాలా తక్కువ."

"కోస్తే ఏం దొరుకుతది సార్ నాలో?" అన్నాడు బుచ్చిరాములు.

"దొరకకపోతే ఆపరేషన్ విజయవంతమైనట్టే కదా."

"మరి జానయ్య?" అన్నాను నేను.

"వారిది తిరిగివచ్చిన దేహం. కొత్త ప్రతిపాదన కింద సాదరంగా స్వీకరిస్తాం. ముందే ఉన్న జబ్బు కనుక మూడేళ్లు ఆగాలి."

"బెల్టు బుచ్చిరాములు దగ్గర విప్పి జానయ్యకే కట్టండి. ఎట్లిచ్చిన్రో అట్లనే మళ్ల తీసుకోండి."

"అప్పగింతకు ఫారం ఉంది. తిరిగి పుచ్చుకోవడానికి ఫారం లేదు. ఆ అంశం నిపుణుల సంఘం పరిశీలనలో ఉంది. దానిమీద ఎనిమిదో సమావేశం వచ్చేనెల."

సర్కారు దవాఖానకు పోరాదా అంటారు మీరు. పోయాం. మత్తు డాక్టరును డిప్యుటేషన్ మీద వేరే జిల్లాకు పంపారు, పైనెల పదో తారీఖు తర్వాత రమ్మన్నారు. ఇల్లు తాకట్టు పెట్టరాదా అంటారు. అద్దె ఇల్లు.

మరునాడు సంఘం తరఫున ముప్పైమంది డ్రిల్లర్లను తెచ్చి కంపెనీ గడప ముందు కూర్చోబెట్టాను. నా గొంతుకు మైకు అక్కర్లేదు. సుదర్శనం గారు బయటికొచ్చి అందరికీ మంచినీళ్లు ఇప్పించారు, ఒక్కొక్కరి ముఖం చూశారు, లోపలికి పోయి రిపోర్టు రాశారు: 'ధర్నాలో కూర్చున్నవారిలో మన నిరంతర దేహములు ఎవరూ లేనందున, పాలసీదారుల వైపు నుండి ఎట్టి అసంతృప్తియు లేదు.' కాపీ ఒకటి మర్యాదగా నాకూ ఇచ్చారు.

ఆ కాపీ నేను గట్టిగా చదువుతుంటే సైదమ్మ విన్నది. కొంగు నడుముకు చెక్కుకుని లోపలికి పోయింది. నేనూ వెంట పోయాను.

"సార్, ఒక మాట అడుగుత. మా ఆయన దేశం దాటిండని మా తమ్ముణ్ణి పెట్టిన్రు. మరి మా తమ్ముడు దేశం దాటితే?"

సుదర్శనం గారి ముఖం విచ్చుకుంది. "చక్కటి ప్రశ్న. సదరు దేహము కూడా తాత్కాలికంగా వెళ్లవలసి వస్తే అదే నిబంధన వర్తిస్తుంది. ఆ దేహానికి మరో స్థానిక దేహం."

"బంధువే కావాల్నా?"

"బంధువే."

"బావ పనికొస్తడా?"

"పెళ్లి సంబంధం వల్ల బంధువు. భేషుగ్గా."

"పొడుగు నాలుగు వేళ్ల లోపలనే."

"అయితే ఇబ్బందే లేదు."

ఆయనకు అర్థం కాలేదని కాదు. బాగా అర్థమైంది. ఇన్నాళ్లకు నిబంధనను నిబంధనగా అడిగిన మనిషి దొరికిందని సంబరపడ్డారు. "అయితే దేహం దేశం దాటినట్టు రుజువు కావాలి" అన్నారు.

బుచ్చిరాములుకు పాస్‌పోర్టు లేదు. అది లేకుండా పోగలిగే దేశాల్లో సులువైంది నేపాల్ అని మా సంఘంలో ఒక లారీ డ్రైవరు చెప్పాడు. సికిందరాబాదులో రైలెక్కితే బీహారు సరిహద్దులో రక్సౌల్, అక్కడ వంతెన దాటితే వీర్‌గంజ్. ఎంత లేదన్నా రెండు రోజుల దారి.

"అక్కా, నేను షోలాపూర్ అవతలికి ఎన్నడు పోలె. హిందీ గుడ సరిగ రాదు."

"నీకు హిందీ ఎందుకురా. రైలెక్కు, దిగు, వంతెన దాటు, నిలబడు. అంతే. ఆడ నిలబడు. ఇంకేం చెయ్యకు."

"ఎన్ని దినాలు నిలబడాలె?"

"బావ లేచి నడిచేదాక."

బుచ్చిరాములు తాళాలు మేస్త్రీకి అప్పజెప్పి, సద్దిమూట కట్టుకుని రైలెక్కాడు. నడుముకు కంపెనీ బెల్టుతోనే ఎక్కాడు. విప్పితే నిరంతరత తెగుతుందేమోనని భయం.

జానయ్యను పరిమళ గారి ఆస్పత్రిలోనే జనరల్ వార్డులో మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టారు. పరిమళ గారు పూటపూటకూ వచ్చి చెయ్యిపెట్టి చూసింది. మొదటి రోజు గడిచింది. రెండో రోజు గడిచింది. మూడో రోజు పదకొండు గంటలకు నేను సుదర్శనం గారి గదిలో ఉండగా బుచ్చిరాములు ఫోటో పంపాడు. వంతెన, గుర్రబ్బళ్లు, ఒక బోర్డు కింద నిలబడి బుచ్చిరాములు.

సుదర్శనం గారు ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు. "బోర్డు హిందీలో ఉందే. ఇది బీహారు కాదని ఏమిటి నమ్మకం?"

"వాళ్ల రాత గుడ అట్లనే ఉంటది సార్."

"అది మీ అభిప్రాయం."

అప్పుడే సైదమ్మ ఫోన్ వచ్చింది. "సెక్రటరన్నా, ఆయనకు వాంతులైతున్నయ్. పచ్చగ కక్కుతున్నడు. డాక్టరమ్మ కత్తి పట్టుకుని నిలబడ్డది. కౌంటరోళ్లు కాగితం ఏదంటున్నరు."

నేను బుచ్చిరాములుకు వీడియో కాల్ కలిపాను. "అరేయ్, అక్కడ గడియారం ఎక్కడన్నా ఉన్నదా?" అన్నాను. అతను ఒక క్షౌరశాలలోకి దూరాడు. సగం గడ్డం గీసుకున్న మనిషి ఒకడు ఫోనులో మమ్మల్ని వింతగా చూశాడు. అతని తలమీద గోడ గడియారం. పదకొండూ ముప్పై. మా గదిలో గడియారం పదకొండూ పదిహేను.

"వాళ్ల టైము మనకంటే పదిహేను నిమిషాలు ముందు సార్. మీ కంప్యూటర్ల చూసుకోండి."

ఆయన చూసుకున్నారు. లేచి గోడ గడియారం దగ్గరికి పోయి, చేతి గడియారంతో సరిపోల్చుకుని వచ్చారు. "నిజమే. దేహం దాటింది" అన్నారు. ఫారం తీశారు. ఇద్దరి పేర్లు, పొడుగులు, బంధుత్వం రాశారు. ఒక్కొక్క అక్షరం గుండ్రంగా రాశారు. ముద్ర చేతిలోకి తీసుకుని ఆగారు.

"అప్పగింతకు బెల్టు ఉండాలి."

"ఏం బెల్టు?"

"జబ్బు తాలూకు బెల్టు. అది విప్పి ఇవ్వడమే అప్పగింత. ఆ బెల్టు ఎక్కడుంది?"

"నేపాల్ల, బుచ్చిరాములు నడుముకు."

"అయితే కొరియర్‌లో..."

నేను లేచి నిలబడి నా ప్యాంటు బెల్టు విప్పాను. జానయ్యకు ఇది సరిపోతుంది, దీన్నే జబ్బు బెల్టుగా రాసుకోమని చెప్పడం నా ఉద్దేశం. ఆయనకు వేరేగా అర్థమైనట్టుంది. నేను నోరు తెరవకముందే ముద్ర పడింది. రెండుచోట్ల పడింది.

కాగితం ఫోటో తీసి ఆస్పత్రికి పంపి, ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని నేను ఆటో వెంట పరిగెత్తాను. వార్డుకు పోయేసరికి మంచం ఖాళీ. సైదమ్మ ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు నేల మీద కూర్చుంది. ఏడవలేదు. చేతిలో జానయ్య చెప్పులు పట్టుకుంది. తలుపు పక్కన పలక మీద రోగి పేరు సుద్దతో రాశారు: జానయ్య తరఫు దేహం బుచ్చిరాములు, ఆయన తరఫు దేహం జానయ్య. పలక చాలక చివరి రెండక్షరాలు గోడ మీద రాశారు.

రెండు గంటల తర్వాత పరిమళ గారు బయటికొచ్చింది. ముఖానికి గుడ్డ దించుకుంది. "పేగు నల్లబడుతుండె. ఇంకో గంట ఆగితే కోసి పారెయ్యాల్సొచ్చేది. తెరిచినంక రంగు మళ్లింది, నిలబడ్డది. బతికిండమ్మా" అంది.

సైదమ్మ చెప్పులు కింద పెట్టి, ఆమె చేతులు పట్టుకుంది.

బుచ్చిరాములు అప్పుడే రావద్దని కంపెనీ చెప్పింది. అతను వంతెన దాటి ఇటు వస్తే జానయ్య ఇక అతని తరఫు మనిషి కాడు, ఆపరేషన్ బిల్లు గాలిలో కలుస్తుంది. కుట్లు విప్పేదాకా అక్కడే ఉండాలి. ఫోన్ చేసి చెప్పాను. అతను నిమ్మళంగానే ఉన్నాడు. అక్కడ పెళ్లిళ్ల రోజులట. ఒక బ్యాండువాళ్లు ఇతని చేతులు చూసి పిలిచి పెద్ద డ్రమ్ము మెడకు తగిలించారట. "సెక్రటరన్నా, ఇక్కడ నాకు హెర్నియా ఉన్నదని ఎవరికి తెల్వదు" అన్నాడు.

పదోరోజు కుట్లు విప్పే గదికి సుదర్శనం గారు పూలగుత్తితో వచ్చారు. వెంట ఫోటోగ్రాఫరు. సంస్థ పత్రికలో వేస్తారట. జానయ్య బల్ల మీద పడుకున్నాడు. కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సు కేసు షీటు తెచ్చి, మొదటి పేజీ చదివి, తిప్పి, మళ్లీ మొదటికి వచ్చింది. ఆమెకు తల తిరిగినట్టుంది. కత్తెర పక్కన పెట్టి అడిగింది.

"కుట్లు విప్పేముందు పేరు అడగాలి. మీ పేరేంది?"

జానయ్య నోరు తెరిచాడు. తల తిప్పి సుదర్శనం గారి వైపు చూశాడు. ఏం చెప్పమంటారు సార్ అని అడుగుతున్నట్టుంది ఆ చూపు. పద్నాలుగు నెలలు పరాయి దేశంలో రాళ్లు తొలిచి వచ్చిన మనిషి, తన పేరు చెప్పడానికి కంపెనీ వైపు చూశాడు. సుదర్శనం గారు పూలగుత్తి నా చేతిలో పెట్టి సంచిలోంచి ఫైలు తీశారు. "ఒక్క నిమిషం. నిబంధన చూసి చెబుతాను" అన్నారు.

సైదమ్మ ఆ ఫైలు మీద అరచెయ్యి పెట్టి మూసింది.

"నా మొగడు" అంది నర్సుతో. "ఇప్పు."